కార్నర్‌లో ఎవరున్నారు

2025 ఏప్రిల్ 14, సోమవారం

అంబేద్కర్ జయంతి. హన్మకొండ చౌరస్తాలో బండి కదలలేదు. నీలి జెండాలు, డప్పులు, రోడ్డు పక్కన డ్రమ్ముల్లో మజ్జిగ. ఆగిన చోట గోడ మీద విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి పోస్టర్. ఏటా ఈ తేదీకి ఇద్దరూ పక్కపక్కనే కనిపిస్తారు. 1972లో ఇదే రోజు ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర జార్జిని కత్తులతో పొడిచి చంపారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు.

పోస్టర్ మీద పెద్ద పిడికిలి. బొమ్మ వేసినవాళ్లు బొటనవేలిని లోపలికి పెట్టి నాలుగు వేళ్లు మూసేశారు. వెనక సీటు మీది నుంచి మేనకోడలు చూసింది.

"గట్ల పట్టి గుద్దితే బొటనేలు ఇర్గుతది మామా. ఆయన బాక్సర్ గదా, గిట్లెందుకు పడతడు?"

ఏప్రిల్ 16

ఆ పిల్ల అడిగిన మాటే బుర్రలో తిరుగుతోంది. జార్జిని నాయకుడిగా తలుచుకుంటాం, అమరుడిగా తలుచుకుంటాం. 2019లో సినిమా వచ్చాక హీరోగానూ తలుచుకుంటున్నాం. బాక్సింగ్ సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నాకిది అన్యాయం అనిపిస్తుంది.

1947 జనవరి 15న కేరళలోని పాలక్కాడ్‌లో పుట్టాడు. తండ్రి తెలుగువాడు, తల్లి మలయాళీ. ఉస్మానియాలో ఫిజిక్స్, గోల్డ్ మెడల్. ఫిజిక్స్ చదివినవాడు ఒక గుద్దును ఎలా చూసి ఉంటాడు? మడమ దగ్గర పుట్టిన బలం నడుము తిరిగి, భుజం దాటి, పిడికిలికి చేరే దారిని కాగితం మీద వేసుకుని ఉంటాడా? అవతలివాడి తల మీద పడ్డాక ఆ బలం ఎక్కడికి పోతుందో ఆలోచించి ఉంటాడా?

రింగులో ఒకరికి ఒకరే. ఇద్దరినీ తూకం వేసి దింపుతారు. గంట కొట్టి మొదలుపెడతారు, గంట కొట్టి ఆపుతారు. పడ్డవాణ్ణి కొట్టకూడదు. ఆ హాస్టల్ దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. ఒక్కడి మీదికి గుంపు వచ్చింది. కేసులో ముద్దాయిలందరినీ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. మిత్రులు పెట్టుకున్న విద్యార్థి సంఘం తర్వాత పీడీఎస్‌యూగా నిలబడింది. అందులో తిరిగిన పిల్లలు ఇవాళ మా ఓరుగల్లు వీధుల్లో మోకాళ్ల నొప్పులతో వాకింగ్ చేస్తున్న పెద్దమనుషులు. మా లైన్లో ఒక రిటైర్డ్ టీచరు ఉన్నారు. జార్జి పేరెత్తితే రెండు గంటలు చెప్తారు. ఇవాళ గ్లవ్స్ గురించి అడిగాను.

"గవన్నీ ఎవలు రాసిపెట్టిన్రు బిడ్డా" అన్నారు.

మే 4, ఆదివారం

పొద్దున అయిదున్నరకు మేనకోడల్ని బాక్సింగ్ ప్రాక్టీసుకు దింపి, నేనూ లోపలికి వెళ్లి కూచున్నాను. రేకుల షెడ్డు. మూడు బ్యాగులు, రెండింటికి టేపు అతుకులు. కిటికీ ఊచల మీద చేతి పట్టీలు ఆరేసి ఉన్నాయి. ఒక్కోటి నాలుగున్నర మీటర్లు. పిల్లలు వాటిని చుట్టుకుంటున్నంతసేపు ఎవరూ మాట్లాడరు. మణికట్టుకు మూడు చుట్లు, మెటికల మీద మూడు, వేళ్ల సందుల్లోంచి ఒక్కో మెలిక, బొటనవేలికి విడిగా ఒకటి, మళ్లీ మణికట్టు. ఒక చిన్నోడు చివర అంటించడం మర్చిపోయి మొదటి నుంచి చుట్టుకుంటున్నాడు.

కోచ్ సారు ఫోన్‌లో గంట పెట్టారు. మూడు నిమిషాలు, ఒక నిమిషం విరామం. ఆయన ఎక్కువగా అరిచే మాట ‘కొట్టు’ కాదు. "చెయ్యి వదులు, వదులు" అంటారు. పిడికిలిని తగిలే క్షణానికే బిగించాలట. మిగతా సేపంతా బిగబట్టుకుంటే భుజం అలిసిపోతుంది, దెబ్బలో జోరు ఉండదు.

గోడ మీద నిఖత్ జరీన్ ఫోటో, 2022 ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయినప్పటిది. నిజామాబాద్ అమ్మాయి. మా ఆడపిల్లలు గ్లవ్స్ అడిగితే ఇళ్లలో కాదనలేకపోతున్నారంటే సగం పుణ్యం ఆమెదే. మా చెల్లె కూడా ఆ ఫోటో చూపించే ఒప్పుకుంది. నేను ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. కారణం నా ఉద్యోగం.

మే 11

సీటీ స్కాన్ గదిలో ఇన్నేళ్లుగా చూస్తున్నది రాసుకోవాలి.

తలకు దెబ్బ తగిలితే పుర్రె ఆగిపోతుంది, మెదడు ఆగదు. బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు లోపల అది కదులుతుంది. పక్క నుంచి పడ్డ హుక్ అయితే తల గిర్రున తిరుగుతుంది, అది ఇంకా ప్రమాదం. మెదడు పైనుంచి దాని పొరల దాకా సన్నని రక్తనాళాలు వంతెనలు కట్టి ఉంటాయి. అవి సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. రక్తం పుర్రెకూ మెదడుకూ మధ్య చేరుతుంది. తెర మీద అది పుర్రె గోడను ఆనుకుని తెల్లటి నెలవంక. మెదడు మధ్య గీత ఒక పక్కకు జరిగిందంటే మేము రిపోర్టు టైపు చేసేదాకా ఆగం, ఫోన్ చేసేస్తాం.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హెల్మెట్ లేకుండా బండి మీంచి పడ్డవాళ్లే. చాలామంది పడ్డాక లేచి, దుమ్ము దులుపుకొని, ఇంటికి పోయి అన్నం తిన్నవాళ్లు. తలనొప్పి అంటూ పడుకున్నారు, తర్వాత లేపితే లేవలేదు. బాక్సర్ కథ కూడా ఇలాగే నడుస్తుంది. కొందరు రింగులోంచి తమ కాళ్ల మీద నడిచే బయటికి వెళ్తారు.

తలకు పెట్టే ప్యాడెడ్ హెడ్‌గార్డ్ కనుబొమ్మ చీలకుండా కాపాడుతుంది. లోపలి కదలికను ఆపదు. 2013లో పెద్ద పోటీల్లో మగవాళ్లకు తీసేశారు కూడా. ఇది చెప్తే మా చెల్లె నిద్రపోదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జూన్ 10

బాక్సర్ డింకో సింగ్ పోయి నాలుగేళ్లు. 42 ఏళ్లకే, కాలేయ క్యాన్సర్‌తో. మణిపుర్‌లో సేక్తా అనే ఊరు, అనాథాశ్రమంలో పెరిగాడు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఆ పతకం చూసే మేరీ కోమ్ గ్లవ్స్ తొడిగింది. ఆమెను చూసి దేశమంతటా ఆడపిల్లలు తొడిగారు. ఆ వరస మా రేకుల షెడ్డు దాకా వచ్చింది. మా పిల్ల కోపంగా ఉన్నప్పుడు మొహం అచ్చం డింకో మొహమే అని నాకు అనిపిస్తుంది. దానికి చెప్తే డింకో ఎవరని అడిగింది. వీడియో చూపించాను. రెండోసారి తనే పెట్టుకుని చూసింది.

జూన్ 22, ఆదివారం

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

స్పారింగ్‌లో మేనకోడలికి ఎదురుగా తనకంటే పొడుగు పిల్ల. రెండో రౌండ్‌లో ఎడమ హుక్ చెవికి పైన తగిలింది. పడలేదు. ఒక్క అడుగు వెనక్కి వేసి, తల ఊపి, మళ్లీ చేతులెత్తింది. రౌండ్ పూర్తయింది. నేను కూడా బాగానే ఉంది అనుకున్నాను. బెంచీ మీద కూచుని షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టింది. ముడి వేసింది, విప్పింది, మళ్లీ వేసింది. సారు అవతలి మూల నుంచి చూస్తున్నారు. వచ్చి ముందు మోకాళ్ల మీద కూచున్నారు.

"తలకాయ నొస్తుందా?"

"లేదు సార్."

"పొద్దున ఏం తిన్నవ్?"

చెప్పలేదు. చెప్పడం ఇష్టం లేక కాదు, గుర్తు రాలేదు. ఆ ఆలస్యం నాకూ కనిపించింది. సారు దాని చేతి పట్టీలు తనే విప్పారు, నిదానంగా, ఒక్కో చుట్టూ. "ఇయ్యాల్టికి అయిపోయింది. నెల దాకా రింగు లేదు. డాక్టర్ రాసిస్తేనే మళ్ల." అది ఏడ్చింది. దెబ్బకు ఏడవని పిల్ల.

స్కాన్ నేనే తీశాను. గీత మధ్యలోనే ఉంది. నెలవంక లేదు. తెర ముందు కూచున్న నాకు మాత్రం చాలాసేపు కాళ్లలో వణుకు తగ్గలేదు.

జూన్ 27

సారుతో మాట్లాడటం మానేసిందట. మా చెల్లె ఫోన్ చేసి చెప్పింది. నాతోనూ ముభావంగా ఉంది. "మీరిద్దరు కల్సి జిల్లా పోటీలు పోగొట్టిన్రు" అంటోంది. అననీ. ఇంకా వందసార్లు అననీ.

జూలై 23, బుధవారం

2019లో ఇదే రోజు బాక్సర్ మాక్సిమ్ దదాషెవ్ చనిపోయాడు. రష్యావాడు, 28 ఏళ్లు, ఇంట్లో రెండేళ్ల కొడుకు. జూలై 19న అమెరికాలోని మేరీలాండ్‌లో పోటీ. పదకొండో రౌండ్ తర్వాత కార్నర్‌లో ట్రైనర్ బడ్డీ మెక్‌గర్ట్ అతని ముందు వంగి, ఆపేస్తానని బతిమాలాడు. టీవీలో అందరూ చూశారు. దదాషెవ్ తల అడ్డంగా ఊపాడు. వద్దు, ఇంకా ఆడతా. మెక్‌గర్ట్ వినలేదు, ఆపేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. డ్రెస్సింగ్ రూమ్‌కు నడిచే దారిలోనే కూలిపోయాడు.

మెక్‌గర్ట్ చేసింది సరైనది. ఒక్క రౌండ్ ముందు చేసి ఉంటే అని రాయడం తేలిక. ఆ స్టూలు పక్కన నిలబడ్డవాడికి ఎంత కష్టమో జూన్ 22న కొంచెం తెలిసింది. దెబ్బ తిన్నవాడు ఎప్పుడూ బాగానే ఉన్నానంటాడు. వాణ్ణి ప్రేమించేవాడు ఆ మాట నమ్మకూడదు.

ఆ పోటీ మేనకోడలికి చూపించాలా వద్దా అని రాత్రంతా కొట్టుకున్నాను. చూపించలేదు. చెప్పాను. విన్నది. ఏమీ అనలేదు. కానీ ఇవాళ సారుకు ‘గుడ్ మార్నింగ్’ మెసేజ్ పెట్టిందట.

ఆగస్టు 10, ఆదివారం

జపాన్ వార్త. టోక్యోలోని కొరకుఎన్ హాల్‌లో ఆగస్టు 2న ఒకే వేదిక మీద జరిగిన రెండు వేర్వేరు పోటీల్లో ఆడిన ఇద్దరు బాక్సర్లు చనిపోయారు. షిగెతోషి కొతారి 8న, హిరోమాసా ఉరకావా 9న. ఇద్దరికీ 28 ఏళ్లే. ఇద్దరికీ మెదడులో అదే నెలవంక, ఇద్దరికీ పుర్రె తెరిచి ఆపరేషన్ చేశారు. కొతారి ఓడిపోలేదు కూడా. పన్నెండు రౌండ్లు ఆడి డ్రా చేసుకున్నాడు, ఆ తర్వాత పడిపోయాడు. అక్కడి బాక్సింగ్ కమిషన్ ఆసియా-పసిఫిక్ టైటిల్ పోటీలను 12 రౌండ్ల నుంచి 10కి తగ్గించేసింది.

వాన పడుతోంది. స్కాన్ సెంటర్‌లో ఒక కుర్రవాడు, బండి జారి. వాళ్ల నాయన బయట నిలబడి, "సార్, నా కొడుకు మంచిగనే మాట్లాడిండు సార్" అని అందరికీ చెప్తున్నాడు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ఎల్లుండి ఎంగిలిపూల బతుకమ్మ. చెల్లె తంగేడు కోసం తెల్లారే పోదామంటోంది.

బాక్సర్ జానీ ఓవెన్ ఆఖరి పోటీ 1980లో ఇదే తేదీన. వేల్స్‌లో మెర్తిర్ టిడ్‌ఫిల్ అనే ఊరు. బొగ్గు, ఇనుము మీద పెరిగి, అవి పోయాక చతికిలపడ్డ ఊరు. ఆజంజాహి మిల్లు మూతపడ్డాక వరంగల్ ఎలా ఉండేదో చూసినవాళ్లకు ఆ ఊరి గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. సన్నగా, పొడుగ్గా, ఎముకల గూడులా ఉండే కుర్రాడు. మాట్లాడటానికి సిగ్గు. లాస్ ఏంజెలిస్‌లో మెక్సికో చాంపియన్ లుపే పింటోర్‌తో పన్నెండో రౌండ్‌లో పడ్డాడు, మళ్లీ కళ్లు తెరవలేదు. నవంబర్ 4 దాకా కోమాలో ఉన్నాడు. 24 ఏళ్లు.

అతని పుర్రె ఎముక మామూలు కంటే పలుచన అని తర్వాత తేలింది. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఎముక మందం మామూలు ఎక్స్‌రేలోనూ కనిపిస్తుంది. గ్లవ్స్ తొడిగే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ తల పరీక్ష ఒక్కసారైనా జరగాలని నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఖర్చు అంటారు. ఒక జత మంచి గ్లవ్స్‌కయ్యే ఖర్చు కూడా కాదు ఎక్స్‌రేకి.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ అయిపోయింది. మేనకోడలు మళ్లీ రింగులోకి వెళ్లి చాలా వారాలైంది. డాక్టర్ కాగితం ఫైల్లో ఉంది. బతుకమ్మ ఆడుతూ చప్పట్లు కొడుతుంటే దాని మెటికలు చూశాను, గట్టిపడ్డాయి. పక్కన ఒకావిడ "ఆడపిల్ల చేతులు గిట్లనా" అంది. మా చెల్లె వెంటనే "నా బిడ్డ చేతులు" అంది. ఆ మాటతో అక్కడ అందరూ ఊరుకున్నారు.

నవంబర్ 4, మంగళవారం

మొంథా తుఫానుకు హన్మకొండలో కాలనీలకు కాలనీలే మునిగాయి. షెడ్డులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఇవాళ పిల్లలంతా కలిసి చాపలు ఎండలో వేశారు. బ్యాగు లోపలి పాత గుడ్డలు బయటికి తీసి ఆరబెట్టారు. బురద వాసన ఇంకా పోలేదు.

ఓవెన్ చనిపోయిన రోజు. పింటోర్ సంగతి రాయాలి. ఆ దెబ్బ కొట్టినవాడు అతనే. ఓవెన్ కుటుంబం అతన్ని తిట్టలేదు, ఆట మానొద్దని చెప్పింది. 2002లో ఓవెన్ తండ్రి మెక్సికో వెళ్లి పింటోర్‌ను వెతికి కలిశాడు. రమ్మని పిలిచాడు. అదే ఏడాది మెర్తిర్‌లో ఓవెన్ విగ్రహం మీది గుడ్డ తీసింది పింటోర్ చేతులే.

డేవీ మూర్ కథ కూడా ఇలాంటిదే. 1963 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో షుగర్ రామోస్ కొడితే వెనక్కి పడి, రింగు కింది తాడుకు మెడ తగిలింది. నాలుగు రోజులకు పోయాడు. బాబ్ డిలన్ దాని మీద పాట కట్టాడు, ఎవరు బాధ్యులని ఒక్కొక్కరినీ నిలదీస్తూ. యాభై ఏళ్ల తర్వాత, 2013లో, మూర్ సొంత ఊళ్లో విగ్రహం పెడితే ముసలి రామోస్ వచ్చి నిలబడ్డాడు.

చంపాలని కొట్టినవాళ్లు కాదు వీళ్లు. అయినా వచ్చారు, తల వంచారు, ఆ ఇంటివాళ్ల చేతులు పట్టుకున్నారు. జార్జి విషయంలో అలా ఎవరొస్తారు? కావాలని పొడిచినవాళ్లు ఎవరో చట్టం ప్రకారం ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ కుటుంబానికి పట్టుకోవడానికి ఒక చెయ్యి కూడా మిగల్లేదు. రిటైర్డ్ టీచరుకు ఈ మాట చెప్పాను. ఆయన చాలాసేపు తువ్వాలుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. "గ్లవ్స్ సంగతి అడిగినవ్ గదా. అప్పటి దోస్తులు ఇద్దరు ముగ్గురు ఇంకా ఉన్నరు. నేను అడుగుత. రాసిపెడదాం" అన్నారు.

నవంబర్ 13

బాక్సర్ కిమ్ డుక్ కూ. 1982, లాస్ వెగాస్. రే మాన్సినీతో టైటిల్ పోటీ, మాన్సినీకి అప్పుడు 21. బరువు తగ్గడానికి కిమ్ చాలా కష్టపడ్డాడు. ఒంట్లో నీళ్లు తగ్గించుకుని తూకం ఎక్కడం మా దగ్గర పిల్లలకూ అలవాటే, అదే నాకు భయం. పదమూడు రౌండ్లు నిలబడ్డాడు. పద్నాలుగోది మొదలైన కాసేపటికే పడ్డాడు. తాడు పట్టుకుని లేచాడు కూడా. నాలుగైదు రోజులకు పోయాడు. కొన్ని నెలలకు అతని తల్లి, ఏడాది తిరక్కుండానే ఆ పోటీ రిఫరీ రిచర్డ్ గ్రీన్, ఇద్దరూ తమ ప్రాణం తామే తీసుకున్నారు. ఒక్క దెబ్బ ఎంత దూరం పోతుందో.

ఆ తర్వాతే టైటిల్ పోటీలు 15 రౌండ్ల నుంచి 12కి దిగాయి, ముందు వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ (డబ్ల్యూబీసీ), కొన్నేళ్లకు మిగతా సంస్థలు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఎవరు పన్నెండో రౌండ్ ముగించి బతికి ఇంటికి వెళ్లినా అందులో కిమ్ వాటా ఉంది.

కిమ్ చనిపోయేనాటికి అతను పెళ్లాడాల్సిన అమ్మాయి గర్భవతి. కొడుకు పుట్టాడు, పెరిగి దంతవైద్యుడయ్యాడు. 2011లో తల్లితో కలిసి అమెరికా వెళ్లి మాన్సినీని కలిశాడు, వాళ్లింట్లో కూచుని మాట్లాడాడు. మాన్సినీ అప్పటికి దాదాపు ముప్ఫై ఏళ్లుగా ఆ పేరు మోస్తున్నాడు.

నవంబర్ 18, మంగళవారం

శనివారం పోటీలు. మేనకోడలిది 48 కేజీలు. ఇవాళ తూకం 47.6, నీళ్లు మానకుండానే. సారు పుస్తకంలో రాసుకుని నాకు చూపించారు.

నిర్వాహకులతో కూచున్నాం. రింగు పక్కన డాక్టర్ ఉండాలని సారు, నేను పట్టుబట్టాం. ఇంతకు ముందు ఫస్ట్ ఎయిడ్ డబ్బా పెట్టి సరిపుచ్చేవారట. ఒక కుర్ర డాక్టర్ వస్తానన్నాడు, ఫీజు వద్దన్నాడు. అంబులెన్స్ విషయం ఇంకా తేలలేదు. "ఎంజీఎం దవాఖాన దగ్గర్లనే ఉంది గదా" అంటున్నారు. దగ్గరే. కానీ శనివారం సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ దగ్గర ఎంతసేపో నాకు తెలుసు. బండి గేటు దగ్గర నిలబడి ఉండాల్సిందే, డ్రైవర్ అందులో కూచుని ఉండాల్సిందే. ఇంకో మాట కూడా రాయించాను: తలకు గట్టి దెబ్బ తగిలిన పిల్లలతో ఆ రాత్రి ఇంట్లో ఒకరు మేలుకుని ఉండాలి, వాంతులైనా, మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురావాలి. దాన్ని తెలుగులో పెద్దక్షరాల్లో కొట్టించి తల్లిదండ్రులకు ఇస్తాం.

మేనకోడలు ఆ కాగితం చదివి, "మా అమ్మకు ఇయ్యకు మామా, శనివారం దాకా" అంది.

ఇస్తాను. రేపు పొద్దున అంబులెన్స్ వాళ్లకు ఇంకోసారి ఫోన్ చేయాలి. పదిలోపు అయితే దొరుకుతారు.